ఇచ్చిన అక్షరాలతో ఎన్ని ఇంగ్లీష్ పదాలు వస్తాయి? రెండో పదం ఎందుకు తట్టదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. బ్యాంకు పరీక్షల రీజనింగ్‌లో నాలుగో ఐదో ఇంగ్లీష్ అక్షరాలిచ్చి, ఒక్కో అక్షరాన్ని ఒక్కసారే వాడి ఎన్ని అర్థవంతమైన పదాలు తయారుచేయవచ్చో చెప్పమంటున్నారు. మీకు ఒక పదం వెంటనే తడుతుంది. రెండోది ఎంత తల పట్టుకున్నా రాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం కాబట్టి డిక్షనరీ బట్టీ పట్టాలా, రోజూ వర్డ్‌ల్ (ఐదక్షరాల ఇంగ్లీష్ పదాన్ని ఊహించే ఆన్‌లైన్ ఆట) ఆడితే సరిపోతుందా అని అడిగారు.

డిక్షనరీ అక్కర్లేదు. ఆ పదాల్లో చాలా వరకు మీకు ఇప్పటికే తెలుసు. తెలిసిన పదాలే ఎందుకు దొరకడం లేదంటే, మీరు వాటిని చెవితో వెతుకుతున్నారు. ఈ ప్రశ్నకు కంటితో వెతకాలి. రోజుకు అరగంట చొప్పున మూడు వారాలు కూర్చుంటే ఈ అలవాటు మారుతుంది. వర్డ్‌ల్ కొంత ఉపయోగపడుతుంది, ఒక విషయంలో మాత్రం అడ్డొస్తుంది. దాని గురించి కింద రాస్తాను.

నేను పన్నెండేళ్లుగా బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెప్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగు మీడియం పిల్లలే. వాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఎక్కడ ఆగిపోతారో దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలుగులో పలికేదే రాస్తాం, రాసేదే పలుకుతాం. వారపత్రికలో గళ్ళనుడికట్టు నింపేటప్పుడు "స్త్రీ" అనేది ఒక్క గడిలో కూర్చుంటుంది. ఇంగ్లీష్‌లో "స్ట్రీట్" రాయాలంటే ఆరు గళ్ళు కావాలి. "నైట్" మన చెవికి రెండక్షరాలు, కాగితం మీద ఐదు: ఎన్-ఐ-జి-హెచ్-టి. అందులో జి, హెచ్ అసలు పలకవు. ఎస్, ఐ, జి, ఎన్ ఇచ్చి చూడండి. క్లాసులో ముప్పై మందీ "సింగ్" అంటారు. "సైన్" అనేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. రోజూ పది చోట్ల సైన్ చేసేవాళ్లే, కానీ ఆ మాటలో జి వినపడదు కదా. చెవి దాన్ని ఎలా పట్టుకుంటుంది?

ఒక ఏడాది మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది. లెక్కల్లో చాలా చురుకు, ఈ ప్రశ్న వస్తే మాత్రం వదిలేసేది. ఒకరోజు బోర్డు దగ్గరికి పిలిచి ఎ, ఇ, ఎల్, పి, టి అని ఐదక్షరాలిచ్చాను. "ప్లేట్" అంది వెంటనే. ఆ తర్వాత రెండు నిమిషాలు నిలబడిపోయింది. అక్షరాలను వరసగా కాకుండా గుండ్రంగా, గడియారంలో అంకెలు వేసినట్టు రాయమన్నాను. వరసలో ఉన్నంతసేపూ కన్ను మొదటి అక్షరం దగ్గరే మొదలవుతుంది. గుండ్రంగా రాస్తే ఎక్కడినుంచైనా మొదలుపెట్టవచ్చు. రాయగానే పి పక్కన ఇ పెట్టి "పెటల్" అంది. పూరేకు.

"ఇంకా ఉన్నాయమ్మా. కెప్ట్, స్లెప్ట్ చివర ఏముంటుంది?" అన్నాను.

"పి, టి సార్."

"ఆ రెండూ చివర పెట్టు. మిగిలినవేంటి?"

ఎల్, ఇ, ఎ మిగిలాయి. లెప్ట్, అంటే దూకింది అని. ఈ పదంలో ఎ పలకదు, కాబట్టి చెవితో వెతికితే ఎప్పటికీ రాదు. చివరి రెండక్షరాలు పట్టుకున్నందుకే దొరికింది. నాలుగోది నేను చెప్పాల్సి వచ్చింది: ప్లీట్, పి-ఎల్-ఇ-ఎ-టి. "చీరకు ప్లీట్స్ పెట్టుకుంటాం, ఆ ప్లీటా సార్!" అంది. పండక్కీ పెళ్లికీ వాడే మాటే, స్పెల్లింగ్ కంట పడే సందర్భం రాలేదంతే. మీ సమస్య కూడా నూటికి తొంభై పాళ్లు ఇలాంటిదే అని నా నమ్మకం. పదాలు తక్కువై కాదు, వాటిని అక్షరాలుగా చూసే అలవాటు లేక దొరకడం లేదు.

ఇప్పుడు పద్ధతి. నాలుగు అక్షరాలను 24 రకాలుగా, ఐదింటిని 120 రకాలుగా పేర్చవచ్చు. అన్నీ రాసి చూసే టైమ్ పరీక్షలో ఉండదు. ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాల నియామక సంస్థ) క్లర్క్ ప్రిలిమ్స్‌లో రీజనింగ్ 35 ప్రశ్నలకు 20 నిమిషాలు, అంటే ప్రశ్నకు 34 సెకన్లు. కాబట్టి ఇంగ్లీష్ పదాలు ఏ మూసల్లో ఉంటాయో తెలుసుకుని ఆ మూసల్లోనే పోసి చూడాలి.

నాలుగక్షరాల సెట్లలో ఎక్కువసార్లు కనిపించేది ఎ, ఇ, రెండు హల్లులు. దీనికి రెండు మూసలు:

మొదటి మూస: హల్లు - ఎ - హల్లు - ఇ. రేట్, లేట్, నేమ్ లాంటివి.
రెండో మూస: హల్లు - ఇ - ఎ - హల్లు. టీమ్, రీడ్, డీల్ లాంటివి.

ఒక్కో మూసలో రెండు హల్లులనూ అటూ ఇటూ మార్చి చూడండి. మొత్తం నాలుగు ప్రయత్నాలు, 24 కాదు. ఎం, టి తీసుకుంటే మొదటి మూసలో మేట్, టేమ్. రెండో మూసలో మీట్ (మాంసం), టీమ్. నాలుగుకు నాలుగూ పదాలే. ఎల్, టి తీసుకుంటే లేట్, టేల్, టీల్. టీల్ అంటే నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు, బట్టల షాపుల్లో వింటుంటాం. ఆర్, టి అయితే రేట్, టేర్ (టి-ఎ-ఆర్-ఇ), టియర్. ఈ రెండో పదం దగ్గర అందరూ ఆగుతారు. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి ఒక బటన్ నొక్కితే బరువు సున్నా అవుతుంది కదా, ఆ బటన్ మీద ఉండే మాట అదే. ఆర్, డి అయితే డేర్, రీడ్, డియర్. ఎల్, డి అయితే డేల్ (లోయ), డీల్, లీడ్, లేడ్ (ఎల్-ఎ-డి-ఇ, సరుకు ఎక్కించు).

ఈ రెండు మూసలు అయ్యాక ఇంకో చిన్న పరీక్ష: అచ్చుతో మొదలయ్యే పదం ఉందా, రెండు హల్లులు పక్కపక్కన వచ్చే పదం ఉందా? సి, ఆర్ ఇస్తే కేర్, రేస్ మూసలో వస్తాయి, ఏకర్ మాత్రం ఎ-సి-ఆర్-ఇ. మన ఎకరానికి మూలం ఆ మాటే, అయినా ప్రతి బ్యాచ్‌లో సగం మంది దాన్ని వదిలేస్తారు. పి, ఎల్ ఇస్తే పేల్ (పాలిపోయిన), లీప్, పీల్ (పి-ఇ-ఎ-ఎల్, గంట మోత), ఆపైన ప్లీ (పి-ఎల్-ఇ-ఎ, విన్నపం).

ఎ స్థానంలో ఐ ఉంటే మొదటి మూస అలాగే పనిచేస్తుంది: టైమ్, మైల్, లైమ్, టైడ్. రెండో మూసలో మాత్రం ఇ-ఐ, ఐ-ఇ రెండూ చూడాలి: వెయిల్ (ముసుగు), డైట్, టైర్ (టి-ఐ-ఇ-ఆర్, వరస). అచ్చుతో మొదలయ్యే పదాలు ఈ సెట్లలో ఎక్కువ, అవే మార్కులు పోగొడతాయి. ఎల్, వి, ఐ, ఇ ఇస్తే లివ్, వైల్ (నీచమైన), వెయిల్, ఈవిల్. నేను రాసిన తొలి బ్యాంకు పరీక్షలో టి, ఎం, ఐ, ఇ ఇచ్చారు. టైమ్, ఐటెమ్ కనిపించాయి, "రెండు" అని పెట్టి ముందుకు వెళ్లిపోయాను. ఇంటికి వెళ్లే బస్సులో ఎమిట్ (వెలువరించు) తట్టింది. మైట్ (ఎం-ఐ-టి-ఇ, సన్న పురుగు) రాత్రి అన్నం తింటుంటే తట్టింది. సరైన జవాబు నాలుగు. ఆ ఏడాది కటాఫ్‌కు ఒక మార్కు లోపే ఆగిపోయాను. ఇన్నేళ్లయినా ఆ నాలుగు అక్షరాలు మర్చిపోలేదు. ఇప్పుడు నా క్లాసులో మొదటి రోజు బోర్డు మీద రాసే సెట్ అదే.

ఓ, పి, ఎస్, టి సెట్ కూడా ప్రాణంలా గుర్తుంచుకోండి. స్టాప్, పోస్ట్, స్పాట్ అందరికీ వస్తాయి. పాట్స్, టాప్స్, ఆప్ట్స్ కూడా ఉన్నాయి. సెట్‌లో ఎస్ ఉంటే ముందుగా దాన్ని చివరికి నెట్టి, మిగిలిన మూడింటితో చిన్న పదం వస్తుందా చూడండి. బహువచనాలు, క్రియా రూపాలు అక్కడే ఉంటాయి.

ఐదక్షరాలకు వేరే కొత్త సూత్రం లేదు. జంటగా తిరిగే అక్షరాలను ముందు కట్టేయాలి: సి-హెచ్, ఎస్-హెచ్, టి-హెచ్, ఎస్-టి, సి-కె, ఎన్-జి. జంట కట్టగానే ఐదు కాస్తా నాలుగైపోతాయి. ఎ, ఇ, హెచ్, ఆర్, టి ఇస్తే టి-హెచ్ చివర కడితే ఎర్త్. విడదీస్తే హార్ట్, హేటర్. కె పక్కన ఎన్ ఉంటే కె మొదట పెట్టి చూడండి (నైఫ్, నాట్), అది పలకదు కాబట్టి చెవికి దొరకదు. ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ లేకుండా వై మాత్రమే ఉంటే కంగారు పడొద్దు, వై నడుమ కూర్చుంటుంది: నింఫ్, లించ్, క్రిప్ట్.

ఆప్షన్లను చదివి అక్కడ ఆగడం కూడా నేర్చుకోవాలి. ఇది చాలామంది చెప్పరు. సాధారణంగా ఆప్షన్లు "ఏదీ లేదు, ఒకటి, రెండు, మూడు, మూడు కంటే ఎక్కువ" అని ఉంటాయి. నాలుగో పదం దొరికిన క్షణంలో ఆపేయండి. ఐదోది వెతకడం టైమ్ దండగ. ఇంకో రకం ఉంది: ఒక పెద్ద పదంలో ఫలానా స్థానాల్లోని అక్షరాలతో ఒకే ఒక్క పదం వస్తే దాని మూడో అక్షరం చెప్పండి, ఏ పదమూ రాకపోతే ఎక్స్, ఒకటి కంటే ఎక్కువ వస్తే ఎం అని గుర్తించండి అంటారు. ఉదాహరణకు "సెలబ్రేషన్" పదంలో 3, 4, 7, 8 అక్షరాలు. ఎల్, ఇ, ఎ, టి. లేట్ దొరికింది, టేల్ దొరికింది. ఇక ఆలోచన అక్కర్లేదు, జవాబు ఎం. ఇందులో రెండో పదం దొరికితే చాలు, మూడోది మనకు పనిలేదు. ఒక పదమే దొరికితే మాత్రం మూసలన్నీ ఒకసారి తిప్పి చూశాకే పెట్టండి. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో పావు వంతు కోత ఉంటుంది.

ఏ పదం లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్నది తరచూ వచ్చే సందేహం. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు రావు. పొట్టి రూపాలు రావు. ఇక అరుదైన పదాలు. స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే ఆట) ఆడేవాళ్ల పదజాబితా చాలా పెద్దది. అందులో నిజాం ఉంది, క్రోర్ ఉంది, క్యూ పక్కన యు లేకుండా రాసే ఫకీర్ ఉంది. అలాంటి ఆటలో అవన్నీ చెల్లుతాయి. పరీక్షలో అడిగేది మామూలు దినపత్రికలో కనిపించే పదాలు. మా బ్యాచ్ అబ్బాయి ఒకడు స్క్రాబుల్ బాగా ఆడేవాడు, ఎల్, టి, ఎ, ఇ సెట్‌కు టేల్‌ను ఇంకో స్పెల్లింగ్‌తో (టి-ఎ-ఇ-ఎల్, పాత కాలపు తూర్పు దేశాల తూకం) కూడా కలిపి "మూడు కంటే ఎక్కువ" పెట్టేవాడు. డిక్షనరీ ప్రకారం వాడిది తప్పు కాదు, కానీ కీ మూడే అనుకుంటుంది. మీకు అర్థం తెలియని పదాన్ని లెక్కలో వేసుకోవద్దని చెప్తాను. అలాగని తెలిసిన పదాన్ని అనుమానంతో వదిలేయొద్దు.

వర్డ్‌ల్ సంగతికి వస్తాను. జాష్ వార్డ్‌ల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు దీన్ని తన జీవన సహచరి పలక్ షా కోసం తయారుచేసి, 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులో పెట్టాడు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఐదక్షరాల పదం, ఆరు ప్రయత్నాలు. సరైన చోట ఉన్న అక్షరం ఆకుపచ్చగా, పదంలో ఉన్నా చోటు మారినది పసుపుగా, లేనిది బూడిద రంగులో కనిపిస్తుంది. మొదట్లో దాదాపు 12 వేల ఐదక్షరాల పదాలుంటే, పలక్ షా తనకు తెలిసినవీ తెలియనివీ వేరుచేసి వాటిని సుమారు 2,500కు తగ్గించింది. కాబట్టి అందులో జవాబులుగా వచ్చేవి మీ పరీక్షకు పనికొచ్చే మామూలు పదాలే.

మేలు ఎక్కడంటే, ఏ అక్షరం ఏ చోట కూర్చుంటుందో కంటికి అలవాటవుతుంది. ఎస్ మొదట ఎక్కువ, ఇ, వై చివర ఎక్కువ అన్నది నెల రోజుల్లో ఎవరూ చెప్పకుండానే వస్తుంది. అడ్డం ఎక్కడంటే, అక్కడ ఒక్క జవాబు దొరికితే ఆట ముగుస్తుంది. మన ప్రశ్నకు అన్నీ కావాలి. అందుకే నా దగ్గర చదివేవాళ్లకు ఒక షరతు పెడతాను: ఆట అయ్యాక ఆ రోజు జవాబులోని అక్షరాలను గుండ్రంగా రాసి, వాటితోనే వచ్చే మిగతా పదాలు వెతకాలి. జవాబు ట్రయల్ అయితే ట్రెయిల్ కూడా రాయాలి. యాంగర్ అయితే రేంజ్.

ఆటలో మీరు చిక్కుకునే చోటు ఒకటి ఉంది, మన ప్రశ్నకూ పనికొస్తుంది కాబట్టి చెప్తాను. చివరి నాలుగు ఐ-జి-హెచ్-టి అని తేలిపోయింది, మొదటిది తెలియదు. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, పైగా ఎయిట్. ఒక్కోటీ వేసుకుంటూ పోతే ఆరు ప్రయత్నాలూ అయిపోతాయి. అప్పుడు జవాబు కాదని తెలిసినా "ఫిల్మ్స్" వేయండి. ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. అవేవీ కాకపోతే "ట్రెండ్". మొదటి టి ఆకుపచ్చ అయితే టైట్. ఆర్ పసుపైతే రైట్, ఇ పసుపైతే ఎయిట్, ఎన్ పసుపైతే నైట్. రెండు ప్రయత్నాల్లో ఎనిమిది పదాలు. తేలిన అక్షరాలను ప్రతిసారీ వాడి తీరాల్సిన హార్డ్ మోడ్‌లో ఇది కుదరదు.

ఇంకో జాగ్రత్త. అది అమెరికన్ స్పెల్లింగ్. 2022 జనవరిలో ఒకరోజు జవాబు ఫేవర్, యు లేకుండా ఐదక్షరాలు. బ్రిటన్‌లో ఆడేవాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. మనం బడిలో నేర్చుకున్నదీ యు ఉన్న స్పెల్లింగే. హ్యూమర్, ఆనర్, లేబర్ కూడా అంతే. ఆటలో యు తీసేయండి, పరీక్ష కోసం రాసుకునే నోట్‌బుక్‌లో యు ఉంచండి. రెండూ కలిపేస్తే అక్షరాల లెక్క తప్పుతుంది.

మూడు వారాలు ఎలా గడపాలో కూడా చెప్పేస్తాను. మొదటి వారం ఎ, ఇ సెట్లు మాత్రమే, రోజుకు పది, టైమ్ చూసుకోకుండా. దొరకని పదం కనిపించినప్పుడల్లా దాని అర్థం తెలుగులో రాసుకోండి, వీలైతే ఇంట్లోనో బజారులోనో ఆ మాట ఎక్కడ వింటారో కూడా. ప్లీట్ పక్కన చీర అని రాసుకున్న ఆ అమ్మాయి ఆ తర్వాత దాన్ని ఎప్పుడూ వదల్లేదు. రెండో వారం ఐ, ఇ సెట్లు, ఓ ఉన్నవి, ఎస్ ఉన్నవి. మూడో వారం ఐదక్షరాలు, అన్నీ కలిపి, గడియారం ముందు పెట్టుకుని. నా నోట్‌బుక్‌లో డెబ్బై సెట్ల దాకా ఉన్నాయి, ఇన్నేళ్లలో నేను చూసిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వాటికి అటూ ఇటూనే.

ఇవాళ రాత్రి ఈ ఐదు చేయండి. జవాబులు వెంటనే చూడొద్దు.

ఎన్, ఎం, ఎ, ఇ.
టి, డి, ఐ, ఇ.
డబ్ల్యూ, ఆర్, డి, ఓ.
ఎల్, ఎస్, ఎ, ఇ.
జి, ఎల్, ఆర్, ఎ, ఇ.

మొదటిదానికి నేమ్, మేన్ (గుర్రం జూలు), మీన్, ఆమెన్. రెండోదానికి టైడ్ (టి-ఐ-డి-ఇ), టైడ్ (టి-ఐ-ఇ-డి), డైట్, ఎడిట్. ఇందులో మొదటి రెండూ చెవికి ఒక్కటే, కంటికి రెండు. మూడోదానికి వర్డ్ ఒక్కటే, ఎంత తిప్పినా ఇంకోటి రాదు, అక్కడ ఎక్కువసేపు కూర్చోవద్దు. నాలుగోదానికి సేల్, సీల్, ఏల్స్ (ఎ-ఎల్-ఇ-ఎస్, ఒక రకం బీర్లు), లీస్ (ఎల్-ఇ-ఎ-ఎస్, పచ్చిక బయళ్లు). సేల్, సీల్ తర్వాత ఎస్‌ను చివరికి నెట్టారో లేదో ఇక్కడ తెలిసిపోతుంది. ఐదోదానికి లార్జ్, గ్లేర్, రీగల్ (రాజోచితమైన), లాగర్ (ఒక రకం బీరు). లాగర్ తట్టకపోయినా మూడు దాకా వచ్చారంటే మొదటి రోజుకు బాగా చేసినట్టే.